మూడు తీగల కేబుల్

మనోరమ బాసరలో పని ముగించుకుని వెళ్లిపోయాక కూడా ఎనభై రెండు రోజులు ఆమె పేరు నా తెర మీద ఉంది.

1992లో నేను కరీంనగర్‌లో, గోదావరి నీటిమట్టాలు నమోదు చేసే ఒక చిన్న ప్రభుత్వ కార్యాలయంలో సర్వర్ చూసుకునేవాణ్ని. సర్వర్ అన్న మాట అప్పటికి ఊళ్లో ఎవరికీ తెలియదు. మా అటెండరు హనుమండ్లు దాన్ని పెద్ద డబ్బా అనేవాడు. నది ఒడ్డున షెడ్లలో ఉన్న టెర్మినల్స్ అతనికి పిల్ల డబ్బాలు. ఆ లెక్క తప్పేమీ కాదు. పిల్ల డబ్బాలకు సొంత బుద్ధి లేదు. ఒక తెర, ఒక కీబోర్డు, టెలిఫోన్ తీగకు తగిలించే ఒక మోడెం. బాసరలో ఎవరైనా ఒక అక్షరం కొడితే అది ఫోన్ తీగ మీద నా గదిలోకి వచ్చి, ఇక్కడి సర్వర్ దాన్ని తిప్పి పంపితేనే అక్కడి తెర మీద కనపడేది. అంటే మనోరమ కొట్టిన ప్రతి అక్షరం ముందు నా దగ్గరకు వచ్చి, ఆ తరువాతే ఆమె కళ్లకు ఆనేది. యంత్రం పద్ధతి అది, అందులో నా గొప్ప ఏమీ లేదు. అయినా రోజూ పొద్దున ఎనిమిదింటికి నాకు ఆ సంగతి గుర్తొచ్చేది.

లోపలికి వచ్చిన మనిషికి సర్వర్ ఒక షెల్ ఇస్తుంది. ఆ మనిషి ఏం చేయవచ్చో, ఎంతవరకు పోవచ్చో దాన్ని బట్టే ఉంటుంది. ఒడ్డు మీది వాళ్లకు నాలుగు పనులు: పొద్దటి నీటిమట్టం రాయడం, లోపల ఇంకా ఎవరి పేర్లున్నాయో చూడటం, కరీంనగర్‌కు కబురు పంపడం, బయటికి వెళ్లడం. అయిదో పని ఒకటుంది. సర్వర్ గుండా వేరే ఊరి టెర్మినల్‌ను అందుకుని అక్కడి మనిషితో మాట్లాడటం. దానికి నా దగ్గర ఒక జాబితా ఉండేది. పేరు ఎదురుగా ఆ ఊరు రాసి ఉంటే దారి తెరుచుకుంటుంది. లేకపోతే తెర మీద 'అనుమతి లేదు' అని వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. ఆ రెండు మాటలు నేనే రాసిపెట్టాను.

మా ఇంజనీరు కిషన్‌రావు గారు ఆ జాబితా జోలికి ఎన్నడూ రాలేదు. "ఏమయ్యా కొండల్, గవన్ని నాకు తెల్వయి. ఎవలకు ఏది ఇస్తవో నీ ఇష్టం. పొద్దుగాల తొమ్మిదింటికి నీళ్ల కాగితం నా బల్ల మీద ఉండాలె, గంతే" అన్నారు.

నేను సిరిసిల్లలో పుట్టాను. మా బాపు ఒకరి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, రోజుకు పన్నెండు గంటలు నిలబడి బట్ట నేసేవాడు. నీ ఇష్టమేమిటని ఆయనను ఎవరూ అడిగినట్టు నాకు గుర్తులేదు, నన్నూ అడగలేదు. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో మొదటిసారి ఒక విషయం నా ఇష్టం మీదికి వచ్చింది. దానితో ఏం చేయాలో తెలియక దానికి రూలు అని పేరు పెట్టుకున్నాను.

మనోరమను నేను చూసింది రెండు రోజులే. వానాకాలం మొదలయ్యే ముందు, మే నెలలో, ఒడ్డు మీద పనిచేయబోయేవాళ్లకు కరీంనగర్‌లో శిక్షణ ఇచ్చాం. జూన్ నుంచి అక్టోబరు దాకా ఉండే సీజను నౌకరీ అది. ఆమెకు ముప్పై రెండు, ముప్పై మూడు ఏళ్లు ఉంటాయి. మెడలో ఏమీ లేదు. చేతికి మగవాళ్ల గడియారం. మాటలో దొరల ఇళ్లలో వినపడే నిదానం ఉంది. ఆ నిదానం వింటేనే నేను రెండడుగులు వెనక్కి జరుగుతాను, అది నాకు చిన్నప్పటి అలవాటు. గోడకు అంటించిన పేర్ల కాగితం ముందు ఆమె చాలాసేపు నిలబడింది.

"సారు, గీ చెన్నూరు జగపతిరావు రాలేదా?" అని అడిగింది.

"ఆయన రెండో బ్యాచి. వచ్చే వారం."

"అట్లనా" అని తిరిగి వచ్చి కూర్చుంది. 

ఆ రోజే బయటికి వెళ్లే పద్ధతి నేర్పాను. బాసర లైనుకు రావలసిన కేబుల్ హైదరాబాదు నుంచి రాలేదు. నేనే మూడు తీగలతో ఒకటి అతికి తయారుచేశాను. పోయే అక్షరాలకు ఒకటి, వచ్చే అక్షరాలకు ఒకటి, భూమికి ఒకటి. అవతలి మనిషి ఫోను పెట్టేశాడని సర్వర్‌కు చెప్పే నాలుగో తీగ అందులో లేదు.

"బాసరోళ్లు జర యాదుంచుకోండ్రి" అన్నాను. "పోయేటప్పుడు సర్వర్‌కు చెప్పి పోవాలె. చెప్పకుండ ఫోను పెట్టేస్తె గీ డబ్బకు తెల్వది. మీరింక కూసునే ఉన్నరనుకుంటది. మీ పేరు అట్లనే ఉంటది."

అందరూ నవ్వారు. మనోరమ నవ్వలేదు. నోటుబుక్కులో రాసుకుంది.

సీజను మొదలయ్యాక పొద్దున ఎనిమిదింటికి బాసర అంకె వచ్చేది. ఎనిమిదీ ఇరవై దాకా మిగతా ఊళ్ల అంకెలు. ఆ తరువాత కాసేపు నాకు పని ఉండదు. నేనే ముందు ఒక కబురు పంపేవాణ్ని. మేము మాట్లాడే భాషనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకునేవాళ్లం.

"నీళ్లు ఎట్లున్నయి ఇయ్యాల?"

"ఎర్రగున్నయి. ఘాటు మెట్లు మునిగినయి. గుడికాడి కోతులన్ని మా షెడ్డు మీదికొచ్చి కూసున్నయి."

"భయం కాదా?"

"కోతులకా, నాకా?"

ఇంకోరోజు ఆమె అడిగింది. "ఏం తిన్నరు సారు?"

"ఉప్మా."

"నిన్న గదే చెప్పిండ్రు."

"నిన్న గదే తిన్న."

"నీళ్లు నయం. రోజుకో తీరుగుంటయి."

ఇంతే. ఇంతకన్నా ఎక్కువ మా మధ్య ఏమీ నడవలేదు. నేను రాంనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఒంటరిగా ఉండేవాణ్ని. సాయంత్రం ఆ గదిలో కూర్చుని, పొద్దున ఆమె పంపిన నాలుగు వాక్యాలను గొంతు ఊహించుకుంటూ మనసులో మళ్లీ చదువుకునేవాణ్ని. అసలు గొంతు మరిచిపోయాను. నేను వినేది నేను తయారుచేసుకున్న గొంతు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసినా వినడం మానలేదు. ఆమె ఎదురుగా ఉంటే నేను రెండడుగులు వెనక్కి జరిగేవాణ్ని. అక్షరాలకు నిదానం లేదు, ఇల్లు లేదు, కులం లేదు. అక్కడ నేను జరగనవసరం లేదు.

జూలై మూడో వారంలో, ఒక మంగళవారం చెన్నూరు నుంచి జగపతిరావు ట్రంకాలు చేశాడు.

"కొండల్ గారూ, నాకు బాసర టెర్మినల్ అనుమతి ఇప్పియ్యుండ్రి. ఆడికెల్లి నీళ్లెంత వస్తున్నయో ముందే తెలుస్తె మాకు మంచిది."

"చూస్త సార్" అన్నాను.

గురువారం పొద్దున మనోరమ కబురు. "సారు, నాకు చెన్నూరు అనుమతి దొరుకుతదా? మా కాడ పోయిన నీళ్లు ఆడికి ఎన్నడు చేరుతయో చూడాలెనని ఉన్నది."

ఇద్దరూ చెప్పిన కారణం సరైనదే. కాని మంగళవారం ఒకటి, గురువారం ఒకటి. పేర్ల కాగితం ముందు ఆమె నిలబడటం గుర్తొచ్చింది. ఇద్దరిదీ ఒకే తీరు మాట, ఒకే తీరు ఇళ్లు. నేను కుర్చీలో కదలకుండా కూర్చుని ఈ రెండింటినీ కలిపాను. కలపడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు. అంత తొందరగా కలిసిందంటే అది నాలో ముందే తయారై ఉండాలి.

"రూలు లేదండి" అని ఇద్దరికీ చెప్పాను. 

ఆమె మళ్లీ అడగలేదు. కాని ఆ రోజు నుంచి ఎనిమిదీ ఇరవైకి అయిదో పని ఎంచుకుని చెన్నూరు అని కొట్టడం మొదలుపెట్టింది. 'అనుమతి లేదు' అని వచ్చేది. ఆ ప్రయత్నాలన్నీ తేదీ, సమయంతో నా దగ్గర ఒక పట్టీలో పడేవి. అటు చెన్నూరు నుంచి జగపతిరావు కూడా బాసర అని కొట్టేవాడు. పట్టీలో ఆ రెండు వరుసలు ఒకదాని కింద ఒకటి. మూసిన తలుపుకు అటొకరూ ఇటొకరూ నిలబడి కొడుతున్నట్టు. రోజూ ఆ పట్టీ తీసి చదివేవాణ్ని. చదివిన ప్రతిసారీ గుండెలో సన్నగా మండేది. ఆ మంట లేని రోజు, అంటే లైను చెడిపోయి ఆమె రాని రోజు, నాకు ఏమీ తోచేది కాదు.

బాసర నీళ్లు తిన్నగా చెన్నూరుకు పోవు. మధ్యలో పోచంపాడు ఆనకట్ట ఉంది. గేట్లు ఎత్తితేనే కిందికి దిగుతాయి. ఆగస్టులో ఎత్తారు. ఆ వారం చెన్నూరు అంకె రోజురోజుకూ పెరుగుతుంటే, ఆమె చూసిన నీళ్లు ఆయన దగ్గరకు పోతున్నాయని అనుకుంటూ, కిషన్‌రావు గారి కాగితం మీద ఆ అంకెలు నా చేతితోనే రాశాను.

అక్టోబరు ముప్పై ఒకటి శనివారం. ఆఖరి అంకె పంపాక ఆమె కబురు వచ్చింది. "ఇయ్యాలతోని అయిపాయె. ఉంట సారు."

జవాబు రాయడానికి పదిహేను నిమిషాలు పట్టింది. రాసి తుడిచాను, మళ్లీ రాసి తుడిచాను. చివరకు "మంచిది" అని పంపాను. 

ఆమె చెప్పకుండా ఫోను పెట్టేసిందని సాయంత్రం గాని నాకు అర్థం కాలేదు. మోడెం దీపం ఆరిపోయి ఉంది. లైను ఖాళీ. కాని జాబితాలో మనోరమ పేరు అలాగే ఉంది. పేరు పక్కన, ఆ మనిషి చివరిసారి అక్షరం కొట్టి ఎంతసేపైందో సర్వర్ చూపిస్తుంది. ఏడు గంటల ఇరవై నిమిషాలు. నేను చూస్తుండగానే ఇరవై ఒకటి అయింది.

అయిదు నెలల్లో ఆమె ఒక్కసారి కూడా చెప్పకుండా పోలేదు. నోటుబుక్కులో రాసుకున్న మనిషి. మరిచిపోయి ఉండదు. కావాలనే వదిలి వెళ్లింది. ఎవరి కోసం అన్న ప్రశ్న నేను వేసుకోలేదు. సర్వర్ గదిలో రోజంతా ఉండేది నేనొక్కణ్నే కదా.

ఒక్క ఆజ్ఞ కొడితే ఆ పేరు పోతుంది. నేను కొట్టలేదు. పైగా అది పోకుండా కాపలా కాయడం మొదలుపెట్టాను. కరెంటు పోయి సర్వర్ ఆగితే పేరు తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని వెనక గదిలోని బ్యాటరీలకు నీళ్లు పోయడం నేనే చూసుకున్నాను. శనివారం సాయంత్రం సర్వర్ ఆపాలని మా పద్ధతి. అది మానేశాను. ఆదివారాలు వచ్చి బ్యాటరీలు చూసి, జాబితా చూసి, పోయేవాణ్ని.

"ఐతారం గూడ డబ్బకు దండం పెట్టుకోని పోతున్నవేంది కొండల్ సారు" అన్నాడు హనుమండ్లు. "పెండ్లాం లేకుంటె మనిషి గిట్లనే అయితడు. మా చంద్రవ్వకు చెప్పి ఏదన్న సంబంధం చూడమంటనా?"

"డిస్కు ఆపుతె అరుగుతది అన్న. గందుకే."

"అరిగేది డిస్కో ఇంకేందో."

చంద్రవ్వ అతని భార్య. నిజంగానే రెండు సంబంధాలు చూసి చెప్పింది. నేను చూద్దాం అన్నాను.

రోజూ ఎనిమిదీ ఇరవైకి మనోరమ పేరు మీద ఒక కబురు కొట్టేవాణ్ని. ఇయ్యాల చలి బాగున్నది. ఇయ్యాల ఉప్మా కాదు, అటుకులు. ఆ అక్షరాలు మూడు తీగల వెంట మోడెం దాకా పోయి అక్కడ ఆగిపోతాయి. అవతల ఫోను లేదు, తెర లేదు, మనిషి లేదు. అవతల ఎవరూ లేరని రూఢిగా తెలిసిన తరువాతే నేను ధారాళంగా మాట్లాడగలిగానని డిసెంబరులో ఒకరోజు గమనించాను. గమనించి కూడా ఆ రోజు కబురు కొట్టాను.

జనవరి మొదట్లో కిషన్‌రావు గారు పిలిచి, సీజను వాళ్ల పేర్లు నెలాఖరుకు తీసేయాలని చెప్పారు. ఫోన్ లైన్లు కూడా ఒక్కటి ఉంచి మిగతావి వాపసు ఇచ్చేశారు. ఉంచిన ఆ ఒక్కటి బాసర వాళ్లు వాడిన లైను. చెన్నూరు మనిషి సీజను మొత్తం లెక్క పంపడానికి ఏటా జనవరిలో ఒకసారి లోపలికి వస్తాడు. ఆ నంబరే ఆయనకు కూడా రాయించారు. ఇందులో ఏం జరగబోతుందో ఆ కేబుల్ అతికినవాణ్ని నాకు తట్టి ఉండాలి. తట్టలేదు.

జనవరి ఇరవై ఒకటి, గురువారం, పొద్దున తొమ్మిదింబావు. మోడెం దీపం వెలిగింది. జాబితా చూశాను. మనోరమ పేరు పక్కన ఎనభై రెండు రోజులు అని ఉండవలసిన చోట సున్నా ఉంది.

ఎవరో అక్షరం కొట్టారు.

ఇన్ని రోజులు లేని మనిషి కోసం ఎంత మాట్లాడానో అంతా వేళ్లలోకి వచ్చింది. తుడవడానికి వ్యవధి ఇస్తే తుడిచేస్తానని నాకు నా సంగతి తెలుసు. అందుకే ఒక్క ఊపులో కొట్టి పంపాను.

"మనోరమ గారు, ఫోను పెట్టెయ్యకుండ్రి. ఒక్క మాట. చెన్నూరుకు అనుమతి ఇయ్యద్దని ఏ రూలు లేదు. గాయనతోని మీరు మాట్లాడుడు నాకు మనసున పట్టలే. గందుకే ఇయ్యలే. మీ పేరు నేను తీయలేదు. రోజు చూస్తున్న."

తరువాత ఒక వరుస వచ్చింది.

"గాయన అంటె నేనేనా?"

నాకు అర్థం కాలేదు. రెండో వరుస వచ్చింది. "నేను జగపతిరావును, చెన్నూరుకెల్లి. లెక్క పంపెతందుకు వచ్చిన. పేరు అడగకుండనే లోపలికి తీసుకున్నది. పైన మనోరమ అని ఉన్నది. ఆమె ఉన్నదా ఆడ?"

నాలుగో తీగ లేదు. మనోరమ ఫోను పెట్టేసిందని సర్వర్‌కు తెలియదు, ఇప్పుడు అదే తీగ మీద వచ్చింది వేరే మనిషి అనీ తెలియదు. ఆమె వదిలి వెళ్లిన షెల్‌లోకి ఆయనను తీసుకుపోయి కూర్చోబెట్టింది. మేమిద్దరం ఆమె కోసం వచ్చి, ఆమె లేని చోట ఒకరికొకరం తగిలాం.

"ఆమె లేదు" అని కొట్టాను. "పేరొక్కటే ఉన్నది."

"నేను ఆమె తమ్మున్ని."

చేతులు కీబోర్డు మీద నుంచి తీసేశాను. వరుసలు ఒక్కొక్కటీ వచ్చాయి. ఆయన నెమ్మదిగా కొడతాడు.

"అయిదేండ్లాయె. పద్మశాలోల్ల పిలగాన్ని చేసుకున్నది. బాసర బళ్లె డ్రాయింగు సారు. మా బాపు పాణం పోయేటప్పుడు నాతోని ఒట్టు వేయించుకున్నడు. ఆమె గడప తొక్కద్దు. ఉత్తరం రాయద్దు. ఫోన్ల గొంతు వినద్దు. బావ పోయినేడు కాలం చేసిండు. గప్పుడు గూడ పోలే."

"బాపుకు గీ డబ్బ సంగతి ఎర్క లేదు. ఒట్టుల గిది లేదు. అక్క బాసరల నౌకరిల చేరిందని తెల్సి నేను చెన్నూరుల చేరిన. లేకుంటె నీళ్లు కొలిచే నౌకరి నాకెందుకు సారు. ఇరవై ఎకరాలున్నది."

ఆ వరుసలు తెర మీద పైకి జరిగి కనపడకుండా పోయేదాకా చదువుతూనే ఉన్నాను. పద్మశాలోల్ల పిలగాడు. నేను ఏ గీత ముందు రెండడుగులు వెనక్కి జరుగుతూ వచ్చానో, ఆ గీతను ఆమె ఎప్పుడో దాటి, దాటినందుకు తల్లిగారి ఇంటిని పోగొట్టుకుని, భర్తను కూడా పోగొట్టుకుని, ఆ షెడ్డులో కూర్చుంది. మిగిలిన ఒక్క దారి నా జాబితాలో ఉంది.

నా దగ్గర ఆయనకు ఇవ్వగలిగింది ఒక్కటే. పట్టీ తీసి లెక్కపెట్టాను.

"ఆమె చెన్నూరు కోసం డెబ్బై మూడు సార్లు కొట్టింది" అని పంపాను. "జూలై ఇరవై మూడు మొదలు."

"నేను?"

"యాభై ఎనిమిది."

మనోరమ పేరు పక్కన నిమిషాలు పెరిగాయి. నాలుగు, అయిదు, ఆరు. ఆ పైన ఒక వరుస. "చిన్నప్పుడు గూడ గంతే. ఆమెకే ఓపిక ఎక్వ."

"మీకు మాఫీ అడుగుడు గూడ నాకు ఎట్లనో అయితున్నది" అని రాశాను.

"నాకెందుకు. మీరు ఇంతకుముందు కొట్టింది నాకు కాదు గదా. నేను అక్కకు చెప్ప. చెప్పుడు మీ పని." కాసేపటికి మళ్లీ రాశాడు. "పేరు తీయకుండ్రి సారు."

"తీయాలె. ఒక పేరు ఒక్కసారే లోపల ఉంటది. ఉన్నదాన్ని తీస్తెనే జూన్ల ఆమె మల్ల రాగలుగుతది."

ఆయన సీజను లెక్క పంపాడు. మా అందరిలోకీ పద్ధతిగా, సర్వర్‌కు చెప్పి బయటికి వెళ్లబోతే, నేనే ఆపాను. అలా పోతే ఆమె పేరు పోతుంది. "ఉత్తగ ఫోను పెట్టేయుండ్రి" అని రాశాను. ఆ పేరుతో నాకు ఇంకొక్క రోజు కావాలి.

మరునాడు ఎనిమిదీ ఇరవైకి ఆ ఆజ్ఞ కొట్టాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు. జాబితాలో నా పేరొక్కటే మిగిలింది. శనివారం సాయంత్రం సర్వర్ ఆపాను. హనుమండ్లు గుమ్మంలో నిలబడి చూశాడు. కేబుల్ విప్పి, నాలుగో తీగ వేసి, దిక్కుమాలిన ఆ అతుకులన్నీ కొత్తగా అతికాను. 

ఏప్రిల్‌లో కిషన్‌రావు గారి దగ్గరకు వెళ్లి, పోయినేడు పనిచేసినవాళ్లనే మళ్లీ పిలుద్దామన్నాను. "మంచిగ చేస్తె పిలువు. నీ ఇష్టం" అన్నారాయన. బాసర చిరునామాకు ఉత్తర్వు పోయింది. మే అంతా రశీదు కోసం చూశాను. జూన్ రెండో వారంలో వచ్చింది. మీద ఆమె సంతకం. ఆ చేతిరాత నేను మొదటిసారి చూశాను. అక్షరాలు కుదురుగా, కొంచెం వెనక్కి వాలి ఉన్నాయి. ఆ రోజే జాబితా తెరిచి, మనోరమ ఎదురుగా చెన్నూరు, జగపతిరావు ఎదురుగా బాసర రాశాను.

జూన్ పదిహేను, మంగళవారం. వాపసు ఇచ్చిన లైన్లు సీజనుకు మళ్లీ వచ్చాయి. ఎనిమిదింటికి బాసర మోడెం దీపం వెలిగింది. మనోరమ పేరు వచ్చింది, పక్కన సున్నాతో. అంకె పంపింది. నది ఇంకా ఎండాకాలంలోనే ఉంది, చాలా చిన్న అంకె. ఎనిమిదీ ఇరవైకి ఆమె అయిదో పని ఎంచుకుని చెన్నూరు అని కొట్టింది. అలవాటుగా కొట్టి ఉంటుంది. డెబ్బై నాలుగోసారి.

దారి తెరుచుకుంది.

వాళ్లు కొట్టే ప్రతి అక్షరం నా పక్కన ఉన్న యంత్రం గుండానే అటూ ఇటూ పోతోంది. చూడాలంటే నాకు అనుమతి ఉంది. నాకు అన్ని అనుమతులూ ఉన్నాయి. తెర ఆపేసి కిటికీ దగ్గర నిలబడ్డాను.

"చెన్నూరు లెక్క రాలే ఇంక" అన్నాడు హనుమండ్లు లోపలికి వచ్చి. "పెద్దసారు అడుగుతుండు."

"లైను మీద మనుషులున్నరు. జర ఆగుమను."

"మనుషులా? నీళ్లు గదా."

"ఇయ్యాల మనుషులు."

అతను నా ముఖం చూసి, టీ గ్లాసు బల్ల మీద పెట్టి పోయాడు.

నలభై నిమిషాల తరువాత తెర మళ్లీ వెలిగించాను. చెన్నూరు అంకె వచ్చి ఉంది. దాని కింద నాకు ఒక కబురు.

"కొండల్ సారు, ఉన్నరా?"

"ఉన్న. చెప్పుండ్రి."

"పోయినేడు పేరు అట్లనే ఇడిసిపెట్టి పోయిన. దాని మీద మీకేమన్న మాట వచ్చిందా? జనవరిల తమ్మి లెక్కకు వస్తడని ఎర్కనే. నేను లేకున్న నా పేరన్న కనపడాలెనని గట్ల చేసిన. మీరు తీయకుండ ఉంచిండ్రట. తమ్మి చెప్పిండు. మీ మేలు మర్వ."

అది నా కోసం కాదని జనవరి నుంచీ తెలుసు. తెలిసిన సంగతే అయినా ఆమె అక్షరాల్లో చదివినప్పుడు మళ్లీ మొదటిసారి తెలిసింది. 

"గంత పెద్ద మాట వద్దు" అని రాశాను.

"ఒక్కటి అడుగుత. పోయినేడు రూలు లేదంటిరి గదా. ఎప్పుడు మారింది?"

జగపతిరావు మాట నిలబెట్టుకున్నాడు. రూలు సంగతి ఏమీ చెప్పలేదు.

మొన్న మారింది అని రాస్తే సరిపోతుంది. ఆమె నమ్ముతుంది. రేపు పొద్దున ఎనిమిదీ ఇరవైకి నీళ్లు ఎట్లున్నయని నేను అడుగుతాను, కోతుల సంగతి ఆమె చెబుతుంది. అయిదు నెలలు ఉంటుంది అది. నాకు కావలసింది ఆ అయిదు నెలలే. మొన్న అని కొట్టాను కూడా. నాలుగు రోజుల క్రితం నేను చూసిన ఆ సంతకం, వెనక్కి వాలిన అక్షరాలు, కళ్ల ముందుకు వచ్చాయి. తుడిచాను.

"మారలే. ఇయ్యద్దని అసలు రూలే లేకుండె. నేనే ఇయ్యలే. మీరు గాయనతోని మాట్లాడుడు నాకు మనసున పట్టలే. తమ్ముడని తెల్వది. తెల్వకున్న నేను చేసింది తప్పే."

పంపాను.

ఆమె పేరు పక్కన సున్నా ఒకటి అయింది. రెండు. మూడు. ఆ షెడ్డులో ఆమె తెర ముందు కూర్చుని ఉందా, లేచి ఒడ్డు దాకా పోయిందా, నాకు తెలియదు. నాలుగు. ఏడు. చల్లారిన టీ పక్కకు జరిపాను. పదకొండు దగ్గర ఒక్కసారి సున్నా అయింది. ఆమె అక్షరాలు కొడుతోంది. నాకు కబురు ఏదీ రాలేదు. నాలుగో పని, బయటికి వెళ్లడం, ఎంచుకుంది. నేర్పినట్టే, సర్వర్‌కు చెప్పి వెళ్లింది.

పేరు వెంటనే పోయింది. అవతల ఫోను పెట్టేసిన సంగతి కూడా నాలుగో తీగ మీద అప్పుడే వచ్చింది. మోడెం దీపం ఆరిపోయింది.

తొమ్మిదింబావు అయింది. కిషన్‌రావు గారి బల్ల మీద పెట్టవలసిన కాగితం ముందుకు లాక్కుని, మొదటి గడిలో బాసర అంకె రాశాను.